కొలనులో 30 లెంగ్తులు వస్తున్నాయి, గోదాట్లో 60 మీటర్లకే ఊపిరి ఆగిపోతోంది

పాలకొల్లు_పరుగు
డిసెంబరు ఆఖరి ఆదివారం మొదటి ట్రయథ్లాన్. స్ప్రింట్ దూరమే: సముద్రంలో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. చేతిలో 9 వారాలున్నాయి. సైకిలు, పరుగుతో బెంగ లేదు. 25 మీటర్ల కొలనులో 30 లెంగ్తులు ఆగకుండా 19 నిమిషాల్లో అవుతున్నాయి. మొన్న ఆదివారం ధవళేశ్వరం బ్యారేజీకి బాగా ఎగువన, పక్కన పడవ పెట్టుకుని గోదాట్లో దిగితే 60 మీటర్లకే గుండె దడ, ఊపిరి అందలేదు, పడవ అంచు పట్టుకున్నాను. రెండోసారీ అంతే. నీళ్ళలో సొంత చెయ్యే కనపడట్లేదు. ఇది స్టామినా లేకపోవడమా, భయమా, ఈతలో తప్పా? 9 వారాల్లో సర్దుకుంటుందా, వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవాలా? ఇంకో మాట, రోజూ సాధనకి ఎక్కడ దిగాలి? కాలవ ఇంటి వెనకే ఉంది.

లంకల_కుర్రాడు
భయం అండి, ఇంకేం లేదు. లంకల్లో పిల్లలకి కొలను ఎవరు చూపించారు, గోదాట్లోనే పడి నేర్చుకుంటారు. రోజూ దిగితే వారంలో పోద్ది. కాలవ వెనకే ఉంటే ఇంకేం కావాలి, పొద్దున్నే దిగిపోండి.

బారీత_మాస్టారు
స్టామినా కాదు. 750 ఆగకుండా ఈదేవాడికి 60 మీటర్లకే స్టామినా అయిపోదు. మీది ఊపిరి అందకపోవడం కాదు, ఊపిరి వదలకపోవడం.

కొలనులో అడుగున నల్లగీత కనపడుతుంది, ముఖం నీళ్ళలో నిశ్చింతగా ఉంటుంది, బుడగలు వాటంతటవే పోతాయి. గోదాట్లో ఏమీ కనపడక తెలియకుండానే నోరు బిగించేస్తారు. గాలి లోపలే ఉండిపోతుంది. ముఖం బయటికి తిరిగిన ఆ కాస్త వ్యవధిలో పాతది వదలాలి, కొత్తది పీల్చాలి, రెండూ కుదరవు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. గాలి గాలి అని ఒళ్ళు గోల పెట్టేది దానివల్లే, ఆక్సిజన్ తక్కువై కాదు. అక్కడి నుంచి గబగబా పీలుస్తారు, తల పైకెత్తుతారు, తల లేస్తే కాళ్ళు దిగిపోతాయి, కాళ్ళు దిగితే ఒళ్ళు నీళ్ళకి అడ్డం పడి ప్రతి బారకీ బలం వృథా అవుతుంది. ఇదంతా ఒక్క నిమిషంలో జరిగిపోతుంది.

మందు కొలనులోనే మొదలవ్వాలి. గుండెల లోతు నీళ్ళలో నిలబడి మునగండి. 4 లెక్కపెట్టేంత సేపు ముక్కుతోను నోటితోను గాలి వదలండి, పైకి లేచి ఒక్క లెక్కలో పీల్చండి, వెంటనే మళ్ళీ మునక. విరామం లేకుండా 20. ఈదడానికి ముందు రోజూ ఇదే. తరవాత ఈదేటప్పుడు నీళ్ళలో "మ్‌మ్‌మ్" అని కూనిరాగం తీయండి. రాగం తెగిందంటే గాలి బిగబట్టారన్నమాట. పీల్చడం గురించి అసలు ఆలోచించొద్దు, వదిలితే పీల్పు దానంతటదే వస్తుంది.

గోదారిగట్టు
మాస్టారు చెప్పిన దానికి ఇంకోటి కలపాలి. 30 లెంగ్తులంటే 30 సార్లు గోడని తన్నడం. ఒక్కో తన్నుకి 4, 5 మీటర్లు జారిపోతారు. అంటే 750లో 120 నుంచి 150 మీటర్లు గోడే ఈదింది. పైగా ప్రతి గోడ దగ్గరా ఓ గుక్క ఎక్కువ గాలి. గోదాట్లో ఆ రెండూ లేవు. అందుకని కొలనులో గోడ ముట్టుకోకుండా 2 మీటర్ల ముందే తిరిగిపోండి. అలా 400 మీటర్లు వస్తేనే నిజమైన 400.

ఏటిగట్టు
కాలవ మాట ఎత్తినందుకు గట్టిగా చెప్తున్నా. కాలవలో వద్దు. లంకల కుర్రాడు చెప్పింది నదీపాయ పక్కన పెరిగిన పిల్లల సంగతి, కాలవ వేరే సరుకు.

కాలవకి రెండు పక్కలా గోడో నిట్రంగా ఉండే గట్టో ఉంటుంది, పాకుడు పట్టి ఉంటుంది, అలిసినవాడికి పట్టు దొరకదు. దిగువకి లాకులు, రెగ్యులేటర్లు, పక్కల పంట బోదెలకి తూములు. తూము నోట్లోకి నీళ్ళు పైకి ప్రశాంతంగానే కనపడతాయి, లాగుడంతా అడుగున ఉంటుంది. రెగ్యులేటరు కింద నీళ్ళు గుండ్రంగా తిరిగి మనిషిని మళ్ళీ గోడ వైపే లాక్కొస్తాయి. షట్టరు ఎప్పుడు ఎత్తుతారో ఈదేవాడికి తెలియదు. దాళ్వాకి, అంటే రబీ వరికి, నీళ్ళు వదిలాక నిండుగా పారుతుంది, ఎండాకాలం కట్టేస్తే మోకాలి లోతు బురద, గాజు పెంకులు. ఏ కాలంలోనూ ఈతకి పనికొచ్చేది కాదు.

లంకల_కుర్రాడు
సరే అండి, కాలవ వెనక్కి తీసుకున్నా. మరి చెరువు? మన వైపు చేపల చెరువులకి కొదవా? ప్రవాహం ఉండదు, నాలుగెకరాల నీళ్ళు.

భీమవరం_డాక్టరమ్మ
రొయ్యల చెరువు, చేపల చెరువు రెండూ వద్దు. ఏరేటర్లు కరెంటు మీద నడుస్తాయి. వైరు తొక్కు పోయి నీళ్ళలో పడి ఉన్నా పైకి కనపడదు, దిగినవాడికి షాక్ కొడుతుంది. ఆపేశామని కాపలా మనిషి చెప్పినా నమ్మి దిగొద్దు. అడుగున మేత, రెట్ట కుళ్ళిన బురద ఉంటుంది, కాలు దిగబడితే లాగడం కష్టం. ఊరి మంచినీళ్ళ చెరువైతే ఊరంతా తాగే నీళ్ళు, దాంట్లో దిగడం తప్పు. గేదెల్ని కడిగే చెరువులో చర్మానికి, చెవులకి పండగే.

పాలకొల్లు_పరుగు
నోరు బిగించే ఈదుతున్నాను, ఇప్పుడు చూసుకుంటే తెలుస్తోంది. చెరువు, కాలవ రెండూ మానేశా. గోదారే అయితే ఎక్కడ, ఎప్పుడు? ఎంత ప్రవాహం వరకు పరవాలేదు?

ఏటిగట్టు
ముందు ప్రవాహం కొలవడం నేర్చుకోండి. గట్టు వెంట 20 మీటర్లు అడుగులతో కొలిచి రెండు కర్రలు పాతండి. పీచు తీయని కొబ్బరికాయ ఎగువన వేయండి. కొబ్బరికాయే ఎందుకంటే చాలా భాగం మునిగి తేలుతుంది, గాలి దాన్ని నెట్టలేదు. ఖాళీ సీసా వేస్తే గాలి వేగం కొలిచినట్టవుతుంది. 20 మీటర్లు 40 సెకన్లలో పోతే సెకనుకి అర మీటరు.

ఇప్పుడు లెక్క చూడండి. మీది 100 మీటర్లకి సుమారు 2:30, అంటే సెకనుకి 0.67 మీటర్లు. అర మీటరు ప్రవాహానికి ఎదురీదితే మిగిలేది 0.17. 100 మీటర్లకి 10 నిమిషాలు పడుతుంది. కొత్తవాడు ఒడ్డున చెట్టు కదలట్లేదని గమనించి అక్కడే కంగారు పడతాడు. అడ్డంగా ఈదినా అంతే, 100 మీటర్ల వెడల్పు దాటే 150 సెకన్లలో 75 మీటర్లు దిగువకి కొట్టుకుపోతారు.

కొబ్బరికాయకి 20 మీటర్లు పోవడానికి 100 సెకన్లకి మించి పడితేనే దిగండి. ఎప్పుడూ ముందు ఎదురుగా, తిరిగొచ్చేటప్పుడు వాలుగా. అలిసేది చివర్లో కాబట్టి అప్పుడు నీళ్ళు మీ వైపు ఉండాలి.

యానాం_అల
పులసలు ఎదురీదాయని మనం ఎదురీదకూడదు తమ్ముడూ. వాటికి అది పుట్టుకతో వచ్చిన విద్య.

ఏటిగట్టు
స్థలం సంగతి. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు. ఎగువన ఎన్ని ఎత్తారో, ఎప్పుడు ఎత్తుతారో దిగేవాడి చేతిలో ఉండదు. కనుచూపు మేరలో గేటు కనపడుతుంటే అది సాధనకి చోటు కాదు. గేట్ల కింద తిరుగుడు నీళ్ళు మరీ ప్రమాదం. రాజమండ్రి వైపు వంతెన స్తంభాల పక్కన సుడులుంటాయి, స్తంభానికి 30 మీటర్ల లోపలికి పోవద్దు. ఇసుక తవ్విన రీచ్‌లలో మొలలోతు నుంచి ఒక్క అడుగులో రెండు నిలువుల గొయ్యి వస్తుంది. కాబట్టి నడిచి లోపలికి వెళ్ళడం కాదు, మోకాలి లోతు నుంచే తేలి ఈదడం మొదలెట్టండి.

వరద రోజులు లెక్కలోంచి తీసేయండి. మొదటి ప్రమాద హెచ్చరిక ధవళేశ్వరంలో 11.75 అడుగులకి, 10 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. ఈతగాడు అంతదాకా ఆగకూడదు. నీళ్ళు ఎర్రబడ్డాయంటేనే ఈత బంద్, కొట్టుకొచ్చే దుంగలు ఆ నీళ్ళలో కనపడవు. మీ అక్టోబరు నీళ్ళు ఇంకా పూర్తిగా తేరుకోలేదు. నవంబరు మధ్య దాకా కొలనే మీకు గోదారి.

సైకిల్_గుమస్తా
గుర్రపు డెక్క గురించి ఎవరూ చెప్పలేదు. దాని వేర్లు కాళ్ళకి చుట్టుకుంటే తన్నొద్దు. తన్నేకొద్దీ బిగుస్తుంది. కాళ్ళు వదిలేసి చేతుల్తో చిన్నగా నీళ్ళు నెట్టుకుంటూ వచ్చిన దారినే వెనక్కి. వలలూ అంతే. బెండ్లు వరసగా తేలుతుంటే కింద వల ఉందన్నమాట, చుట్టి వెళ్ళండి. పడవలో చాకు ఉంచుకోండి.

బారీత_మాస్టారు
నవంబరు మధ్య దాకా కొలనులోనే గోదారిని తయారు చేసుకోవాలి. పద్ధతి చెప్తా.

ఒకటి, రెండు తాళ్ళ మధ్య వరస (లేన్) ఖాళీగా దొరికినప్పుడు కళ్ళు మూసుకుని 8 బారలు వేసి తెరవండి. ఏ పక్క తాడు దగ్గరికొచ్చారో చూడండి. ఎప్పుడూ ఒకే పక్కకి పోతుంటే రెండో చెయ్యి ఎక్కువ లాగుతోందని, లేదా ఊపిరి తీసేటప్పుడు ముందు చాచిన చెయ్యి ఒంటి మధ్య గీత దాటి అడ్డంగా పోతోందని. నదిలో ఆ వంకర సర్దుకోకుండా పోతే మీరు ఈదేది 750కి మించిపోతుంది.

రెండు, మొసలి చూపు. కొలను చివర గట్టు మీద ఎర్ర సీసా పెట్టండి. 8 బారలకోసారి, చెయ్యి ముందుకి చాచి నీళ్ళని కిందకి నొక్కుతుండగా కళ్ళజోడు సగం వరకే పైకి లేవాలి. ముక్కు, నోరు నీళ్ళలోనే. అప్పుడు ఊపిరి తీయొద్దు. చూసి, తల దించుతూ పక్కకి తిప్పి ఊపిరి తీయండి. చూడటం, పీల్చడం ఒకేసారి చేద్దామని తల మొత్తం ఎత్తడమే కొత్తవాళ్ళ కాళ్ళు ముంచే తప్పు. ఒకసారి చూస్తే సీసా దొరక్కపోతే వెతకొద్దు, తరవాతి బారకి మళ్ళీ చూడండి.

మూడు, ముగ్గురు ఒకే లేన్‌లో పక్కపక్కన 50 మీటర్లు. చెయ్యి తగులుతుంది, కాలు తగులుతుంది, నీళ్ళు ముఖాన పడతాయి. పీల్చబోతే నీళ్ళు వస్తే మింగకుండా వదిలేసి ఒక బార ఆగి పీల్చడం అక్కడే అలవాటవ్వాలి. రెండు పక్కలా ఊపిరి రావాలి, అల కుడి నుంచి వస్తే ఎడమకి తిరగాలి కదా.

గోదారిగట్టు
మాస్టారూ, రెండు పక్కలా అంటే మూడు బారలకోసారి ఊపిరి, దానికి కొత్తవాళ్ళని కట్టేయొద్దు. రెండు పక్కలా రావాలి, ఒప్పుకుంటా. పోటీలో మాత్రం రెండు బారలకోసారి ఒకే పక్క తీసుకోవడం మేలు, గాలి ఎక్కువ అందుతుంది.

బారీత_మాస్టారు
నేనూ అదే అంటున్నా. సాధన మూడుకి, పోటీ రెండుకి. మూడు రానివాడికి అల తప్పు పక్కన వస్తే దారి ఉండదు.

మధ్యలో_వచ్చా
కప్ప ఈత వేయొచ్చా పోటీలో? అదొక్కటే వచ్చినవాళ్ళం ఉన్నాం.

కోనసీమ_కోచ్
నిబంధనలో ఏ ఈతైనా వేయొచ్చు. కప్ప ఈత, వెల్లకిల ఈత, నీళ్ళలో నిలబడి తేలడం, ఏదైనా. కాపలా పడవో కయాకో పట్టుకుని ఆగొచ్చు కూడా, దాన్ని పట్టుకుని ముందుకి జరగనంతవరకు తప్పులేదు. ఈ ఒక్క విషయం తెలిస్తేనే సగం మంది గుండె కుదుటపడుతుంది.

గోదారిగట్టు
వేయొచ్చు, కానీ 750 మొత్తం కప్ప ఈతతో వద్దు. తొడలు, మోకాళ్ళు అలిసిపోతాయి, ఆ కాళ్ళతోనే 20 కిలోమీటర్లు తొక్కాలి. గుంపులో కప్ప తన్ను పక్కవాడి పక్కటెముకలకి తగులుతుంది. ఊపిరి సర్దుకోవడానికి 10 తన్నులు, మళ్ళీ బారీత. అంతవరకు బంగారం.

కోనసీమ_కోచ్
సరిగ్గా చెప్పారు. కంగారు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ముందే వరస పెట్టుకోవాలి, అప్పటికప్పుడు బుర్ర పనిచేయదు. వెల్లకిలా తిరగండి. చెవులు నీళ్ళలో, గడ్డం ఆకాశానికి, చేతులు పక్కకి చాచి. నాలుగు పొడుగాటి నిట్టూర్పులు. అప్పటికీ దడ తగ్గకపోతే ఒక చెయ్యి పైకెత్తి ఊపండి, పడవ వస్తుంది. తగ్గితే కప్ప ఈత 10, తరవాత బార. ఈ వరసని ప్రతి సాధనలో రెండుసార్లు కావాలనే చెయ్యండి, దడ లేకపోయినా. పిక్క పట్టేస్తే అదే వెల్లకిల భంగిమలో కాలి బొటనవేలు ముణుకు వైపు లాగి పట్టుకోండి.

పాలకొల్లు_పరుగు
సరంజామా ఏం కావాలి? వెట్‌సూట్, అదే చల్లని నీళ్ళలో వేసుకునే రబ్బరు సూటు, అద్దెకి దొరుకుతుంది అంటున్నారు.

సైకిల్_గుమస్తా
మన నీళ్ళకి వద్దు. స్ప్రింట్ దూరానికి ప్రపంచ ట్రయథ్లాన్ నిబంధన ప్రకారం నీళ్ళు 22 డిగ్రీలు దాటితే ఔత్సాహికులు వెట్‌సూట్ వేసుకోకూడదు. మన సముద్రం డిసెంబరులో కూడా అంతకంటే వెచ్చగా ఉంటుంది. వేసుకుంటే ఒంట్లో వేడి బయటికి పోదు, అదో ప్రమాదం. ట్రైసూట్ అని ఒకే ముక్క దొరుకుతుంది, ఈతకి, సైకిలుకి, పరుగుకి అదే. లేదంటే బిగుతు నిక్కరు, బిగుతు చొక్కా చాలు. వదులు బనీను వద్దు, నీళ్ళు నింపుకుని గోనెసంచిలా లాగుతుంది.

కళ్ళజోడు రెండు. పొద్దున తూరుపు సముద్రంలో ఎండ ముఖానికే కొడుతుంది కాబట్టి అద్దం పూత ఉన్నది ఒకటి, మబ్బు రోజుకి తెల్లది ఒకటి. లోపలివైపు వేలు పెట్టొద్దు, ఆవిరి పట్టకుండా ఉండే పూత పోతుంది. ఒక చుక్క పిల్లల షాంపూ రాసి నీళ్ళలో ముంచి దులిపితే సరి. పట్టీ టోపీ కింద పెట్టి పైన ఇంకో టోపీ వేయండి, గుంపులో ఎవడి చెయ్యి తగిలినా ఊడదు. మెడకి, చంకలకి కొబ్బరినూనె, ఉప్పునీళ్ళలో ఒరుసుకోకుండా. నూనె రాసిన చేతుల్తో కళ్ళజోడు ముట్టుకోవద్దు.

సాధనకి నడుముకి కట్టుకునే నారింజ రంగు గాలి బూయ్ తప్పనిసరి. పడవలకి కనపడటం కోసం. అది ప్రాణం కాపాడే పరికరం కాదు, ఆనుకుని ఊపిరి తీసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

భీమవరం_డాక్టరమ్మ
ఒంటి సంగతులు కొన్ని. 40 దాటినవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళున్నవాళ్ళు ముందు ఈసీజీ తీయించుకుని డాక్టరుతో మాట్లాడండి. ఈదుతుండగా దగ్గు ఆగకపోవడం, గుండెల్లో గురగుర, గులాబీ రంగు నురగ కనపడితే అది కంగారు కాదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. వెంటనే బయటికి రావాలి, కూర్చోబెట్టాలి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కాసేపాగి మళ్ళీ దిగడం ప్రాణం మీదకి తెస్తుంది.

వాన పడ్డాక రెండు మూడు రోజులు నదిలో దిగొద్దు, మురుగంతా అందులోకే వస్తుంది. కాలి పగుళ్ళు, గాయాలు ఉంటే మానే దాకా కొలనూ వద్దు, నదీ వద్దు. దిగిన నెల రోజుల్లో జ్వరం, కళ్ళెరుపు, పిక్కల నొప్పులు వస్తే డాక్టరుకి "నదిలో ఈదాను" అని తప్పక చెప్పండి. అది ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) కావచ్చు, దానికి వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. చెవిలో పుల్లలు పెట్టొద్దు, తల వంచి నీళ్ళు కారనివ్వండి. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు దిగనే కూడదు.

లంకల_కుర్రాడు
పడవాయన పక్కన ఉంటే చాలా? ఇంకేమైనా కావాలా?

ఏటిగట్టు
పడవలో లైఫ్ జాకెట్లు, 15, 20 మీటర్ల తాడు చివర ఖాళీ డబ్బా కట్టి, విజిల్. ఈతగాళ్ళు ముగ్గురికి మించకూడదు ఒక పడవకి. పడవ మీకు దిగువన, 5 మీటర్ల దూరంలో ఉండాలి. అలిసినవాడు కొట్టుకుపోయేది పడవ వైపే కావాలి కదా. ఒడ్డున ఒక మనిషి టైము రాసుకుంటూ ఉండాలి. ఘాట్ దగ్గర గజ ఈతగాళ్ళుంటే ముందే చెప్పి దిగండి, ఏ మూల సుడి ఉందో వాళ్ళకే తెలుసు.

యానాం_అల
సముద్రం మాట ఇంకా రాలేదు, పోటీ అక్కడే కదా.

మొదటిది, నదీ ముఖం దగ్గర సాధన వద్దు. అంతర్వేదిలో వశిష్ఠ కలిసే చోటు, ఓడలరేవులో వైనతేయ కలిసే చోటు చూడ్డానికి బాగుంటాయి. పోటు తగ్గి పాటు మొదలైతే నది నీళ్ళు, సముద్రం వెనక్కి తీసుకునే నీళ్ళు రెండూ కలిసి బయటికే పరుగెత్తుతాయి, ఎంతటి ఈతగాడైనా దానికి ఎదురు రాలేడు. పోటు, పాటు రోజుకి రెండేసి సార్లు, దగ్గర దగ్గర ఆరుంపావు గంటలకోసారి మారతాయి, రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. అమావాస్యకి, పున్నమికి పోటు పెద్దది, లాగుడు పెద్దది. వేటకెళ్ళేవాళ్ళని అడిగితే నిమిషాలతో చెప్తారు.

రెండోది, తిన్నగా ఉండే తీరంలో, పేరుపాలెంలాంటి చోట, అలలు విరగకుండా ఒక సందు నల్లగానో బురదగానో కనపడుతుంది. చూస్తే అదే శాంతంగా ఉన్నట్టుంటుంది. నీళ్ళు బయటికి పోయే దారి అది. అందులో పడితే ఒడ్డు వైపు ఈదొద్దు, తీరానికి సమాంతరంగా 30, 40 మీటర్లు పక్కకి ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక వాటితో పాటే లోపలికి రండి.

మూడోది, దిగే తీరు. మోకాలి లోతు దాకా కాళ్ళు పైకెత్తి పరుగు. మొలలోతు దగ్గర అల వస్తే ఎగరొద్దు, కింద నుంచి దూరండి, చేతులు ముందు చాచి ఇసుకకి దగ్గరగా. అల మీ మీద నుంచి దాటిపోయాక లేచి బార. అలల అవతల నీళ్ళు పైకి కిందకి ఊగుతుంటాయి, అల పైకి లేపినప్పుడే మొసలి చూపు చూడండి. గుంటలో ఉండగా చూస్తే నీళ్ళ గోడే కనపడుతుంది. ఉప్పునీళ్ళలో ఒళ్ళు బాగా తేలుతుంది, అది మీకు లాభం.

జెల్లీ తగిలితే రుద్దొద్దు, మంచినీళ్ళు పోయొద్దు. సముద్రం నీళ్ళతోనే కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఉంచితే నొప్పి తగ్గుతుంది.

కోనసీమ_కోచ్
9 వారాలు ఎలా పంచుకోవాలంటే. మొదటి రెండు వారాలు వారానికి మూడు రోజులు కొలను. ఒక రోజు 10 సార్లు 50, ఒక్కోదానికి 20 సెకన్ల విరామం, ప్రతి బుడగా వినపడుతూ. ఒక రోజు మాస్టారు చెప్పిన గోదారి అలవాట్లు. ఒక రోజు గోడ ముట్టకుండా 400. మూడో వారం నుంచి ఆరో వారం దాకా ఆదివారం నది, మధ్యలో రెండు రోజులు కొలను.

నదిలో మొదటి రోజు దూరం పెట్టుకోవద్దు. 5 నిమిషాలు పడవ పట్టుకుని ముఖం ముంచి బుడగలు, 5 నిమిషాలు వెల్లకిలా తేలడం, తరవాత 25 బారలు, ఆగి తేలడం, మళ్ళీ 25. పదిసార్లు. కొలనులో గోడ తన్నకుండా ఒక లెంగ్తుకి ఎన్ని బారలో లెక్కపెట్టుకుని వెళ్ళండి. 23 అనుకుంటే 750కి 690 బారలు. నీళ్ళు కనపడనప్పుడు మనసుకి ఆ లెక్కే నల్లగీత. రెండో ఆదివారం 50 బారల చొప్పున, మూడో ఆదివారం 100, నాలుగో ఆదివారం ఆగకుండా 400 మీటర్లు.

ఆరో వారం అయ్యేసరికి పడవ ముట్టకుండా 400 రాకపోతే వాయిదా వేయండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. వస్తే ఏడు, ఎనిమిది వారాల్లో 600, తరవాత 900. తొమ్మిదో వారం సగం చేసి ఆపండి. పోటీకి రెండు రోజుల ముందే ఊరు చేరండి. నిర్వాహకులు సాధన ఈత పెడితే తప్పక దిగండి, అదే మీ మొదటి సముద్రం కావాలి, పోటీ రోజు కాదు.

మధ్యలో_వచ్చా
మొదలెట్టేటప్పుడు గుంపులో ఎక్కడ నిలబడాలి?

కోనసీమ_కోచ్
వెనక వరసలో, ఒక చివర. బూర ఊదాక 10 లెక్కపెట్టి దిగండి. 10 సెకన్లు పోతే పోయాయి, 700 మీటర్లు ఖాళీ నీళ్ళు దొరుకుతాయి. అంతకు ముందు 5 నిమిషాలు ముఖం తడుపుకుని కాస్త ఈదండి, గుండె ముందే వేగం అందుకుంటే మొదటి 100 మీటర్ల దడ సగం ఉండదు. తరవాత మీ వేగంతోనే ఉన్న పాదాల వెనక పడండి, ముందువాడు చీల్చిన నీళ్ళలో శ్రమ తక్కువ, ఈతలో అది తప్పు కాదు. మలుపు గుర్తుగా తేలే బూయ్ చుట్టూ తిరిగేటప్పుడు లోపలి అంచు వద్దు, రెండు మీటర్లు వెడల్పుగా. గుంపంతా లోపలే కొట్టుకుంటుంది.

సైకిల్_గుమస్తా
నీళ్ళలోంచి బయటికొచ్చే ముందు ఆఖరి 50 మీటర్లు కాళ్ళు కాస్త ఎక్కువ ఆడించండి, కాళ్ళు మేలుకుంటాయి, లేచి పరుగెత్తడం తేలికవుతుంది. సైకిలు ముట్టుకునే ముందే హెల్మెట్ పెట్టి బకిల్ వేయాలి, లేదంటే జరిమానా. మన వైపు సైకిలు సాధనలో జాగ్రత్త, నవంబరు, డిసెంబరు సార్వా (ఖరీఫ్ వరి) కోతలు, రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. వడ్ల మీద బ్రేకు వేస్తే చక్రం నిలవదు, ముందే నెమ్మదించి నిటారుగా దాటండి. ఆ గింజ రైతుది కూడా, తొక్కకుండా పక్కగా పోతే మరీ మంచిది. డెల్టా రోడ్డుకి దిగుడు లేదు, తొక్కడం ఆపితే ఆగిపోతారు. గట్టు మీద ఎదురుగాలికి గేరు దించి కాళ్ళు వేగంగా తిప్పండి, బలంగా తొక్కొద్దు.

భీమవరం_డాక్టరమ్మ
ఉక్కకి నీళ్ళు మాత్రమే తాగితే సరిపోదు. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకి 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు గీసినట్టు సమంగా. ఈతకి ముందు మాత్రం కడుపు నిండా నీళ్ళు తాగొద్దు.

పాలకొల్లు_పరుగు
రెండు వారాల కొలను అయింది. మునకలు 20 ఆగకుండా వస్తున్నాయి. కళ్ళు మూసుకుంటే ప్రతిసారీ ఎడమ తాడు దగ్గరికే పోతున్నాను. ఊపిరి కుడి పక్క తీస్తాను. గోడ ముట్టకుండా 300 వచ్చింది, 400 రాలేదు.

బారీత_మాస్టారు
కుడి పక్క ఊపిరి తీసేటప్పుడు ఎడమ చెయ్యి ముందు చాచి ఉండాలి. మీది బరువు ఆపుకోడానికి నీళ్ళని కిందకి నొక్కేసి మధ్య గీత దాటుతోంది. గుక్క అయ్యేదాకా ఆ అరచెయ్యిని భుజానికి ఎదురుగానే ఉంచండి. ఊపిరి తీయడానికి తల ఒక్కటే తిప్పొద్దు, నడుముతో కలిసి తిరగాలి, ఒక కన్ను నీళ్ళలోనే ఉండాలి. 6 సార్లు 50, ఇదొక్కటే చూసుకుంటూ. 300 చాలు, వచ్చే వారం 400 దానంతటదే వస్తుంది.

పాలకొల్లు_పరుగు
వచ్చే ఆదివారం నది. పొద్దున 6 గంటలకి పడవ మాట్లాడాను.

ఏటిగట్టు
6 వద్దు. ఈ రోజుల్లో నీళ్ళ మీద పొగమంచు లేవడానికి 7, 7:30 అవుతుంది. అవతలి గట్టు మీద కొబ్బరిచెట్లు ఒక్కోటీ విడిగా లెక్కపెట్టగలిగితేనే దిగండి. చూపు పెట్టుకోవడానికి ముందే రెండు గుర్తులు ఎంచుకోండి, దగ్గరదొకటి, దాని వెనక ఎత్తుగా ఇంకొకటి, గుడి గోపురమో సెల్ టవరో. రెండూ ఒక వరసలో ఉన్నంతసేపు తిన్నగా ఉన్నట్టు, విడిపోతే కొట్టుకుపోతున్నట్టు. పడవాయనకి ఇప్పుడే ఫోను చేసి చెప్పండి, మీరు నీళ్ళలో ఉన్నంతసేపు మోటారు కట్టేసి తెడ్డు మీదే రావాలని. మీరు పడవ పట్టుకోవాల్సి వస్తే పక్క నుంచే పట్టుకోవాలి, వెనక ఫ్యాను వైపు నుంచి ఎప్పుడూ కాదు.

పాలకొల్లు_పరుగు
ఫోను చేశాను. 7:30కి మార్చాను. తెడ్డు ఒక్కటే ఉందట, రెండోది తెమ్మన్నాను.